మూడు గడియల తలుపు

మేడ మీది గది తలుపు మొదటి ఊపుకు ఊడలేదు. తాళాలన్న గునపం మొనను ఇనుప బందు కిందికి దూర్చి, ఒక కాలు గోడకు తన్నిపెట్టి, పళ్లు బిగబట్టి మళ్లీ ఊపాడు. గోడ సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. తలుపు రెండో అంచును అద్దెకున్న ఆవిడ రెండు చేతులా వాటేసుకుని ఉంది.

"వదులు. వేళ్లు నలిగాక నన్ననొద్దు" అన్నాడు తాళాలన్న.

"నీళ్లు ఆపెయ్యండన్నా. కరెంటు తీసెయ్యండి, చీకట్లో ఉంటాం. తలుపొక్కటి వద్దు. మీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లు తర్వాత పట్టుకుందువుగాని, ముందు తలుపు వదులు."

ఆమె వదల్లేదు. అతను గునపాన్ని తిప్పి మొద్దు కొనతో ఆమె వేళ్ల మీద ఒక్క పోటు పొడిచాడు. ఆమె చెయ్యి నోట్లో కుక్కుకుని వెనక్కి పడింది. మంచం కింద నుంచి ఆమె కూతురు, స్కూలు బట్టల్లో ఉన్న చిన్నపిల్ల, అరవకుండా చూస్తోంది. ఆ పిల్లకు అరవకుండా ఉండటం ఎప్పుడో అలవాటైనట్టుంది.

మెట్ల మీద నిలబడ్డ దర్జీ ఆవిడ ఒక మెట్టు పైకెక్కింది. "అన్నయ్యా, మెల్లగా" అంది. ఇల్లు ఆమెది. గట్టిగా ఒక్క మాట అంటే అక్కడితో ఆగిపోయేది. అనలేదు.

కుట్టు మిషను మీద ఏళ్ల తరబడి నడుం వంచి, ఊళ్లో వాళ్ల లంగాలకూ జాకెట్లకూ కళ్లు ధారపోసి ఆమె కొనుక్కున్న ఇల్లది. కింద కుట్టుకొట్టు, వెనక ఆమె వంటగది. మేడ మీద ఒకే గది, దానికి బయటినుంచి ఇనుప మెట్లు. పాత యజమాని ఇంటితోపాటు మేడ మీద ఉన్న తల్లీకూతుళ్లను కూడా అప్పజెప్పి చక్కాపోయాడు. అద్దె ఆవిడ రొట్టెల ఫ్యాక్టరీలో పిండి పిసుకుతుంది. నెల తిరిగేసరికి అద్దె తెచ్చి మిషను పక్కన పెడుతుంది. గట్టిగా నవ్వదు, నలుగురిలోకి రాదు.

తాళాలన్న దర్జీ ఆవిడకు సొంత అన్న. ఊరి నాలుగు మూలలా అతనికి అద్దె గదులున్నాయి. వాటి తాళాలన్నీ గుత్తిగా నడుముకు వేలాడదీసుకుని తిరుగుతాడు. ముందు గుత్తి వినబడుతుంది, తర్వాత మనిషి కనబడతాడు. చెల్లెలు ఇల్లు కొన్నదని తెలిసిన రోజే వచ్చి, మేడ మీది గది తాళం ఒకటి గుత్తికి తగిలించుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చూడు చెల్లీ, కుట్టుపని నీకు తెలుసు, అద్దెపని నాకు తెలుసు. మొదటిది, పాత అద్దెకున్నవాళ్లు పాత అద్దెకే పాతుకుపోతారు. ఖాళీ చేయించి కొత్తవాళ్లను పెట్టుకో. రెండోది, ఎవర్ని పెట్టుకున్నా అంతకుముందు ఎక్కడున్నారో కనుక్కో. ఆ యజమానిని అడిగితే మనిషి జాతకం మొత్తం చెప్తాడు. మూడోది, నోటితో పొమ్మంటే ఎవడూ పోడు. నీళ్లాపితే బిందె కొంటారు, కరెంటాపితే కొవ్వొత్తి కొంటారు. బాగుచేయించాలని చెప్పి తలుపు ఊడదీసి వడ్రంగి దగ్గర పడేశావనుకో, వారంలో మూటాముల్లె సర్దుకుంటారు. నువ్వు ఎవర్నీ పొమ్మన్నట్టు కాదు. తలుపు బాగుచేయిస్తున్నావంతే."

"పాపం కదన్నయ్యా, ఒంటరి ఆడది."

"నువ్వూ ఒంటరి ఆడదానివే. నీకెవరు పాపం అన్నారు?"

ఆమె తలవంచుకుని మిషను తొక్కసాగింది.

అద్దె ఆవిడ ఇంతకుముందు ఎక్కడుండేదో చిన్నపిల్ల నోటినుంచి రాబట్టింది కూడా దర్జీ ఆవిడే. జాకెట్ ముక్కలతో బొమ్మకు గౌను కుట్టిస్తూ అడిగితే, "రంపం మిల్లు వెనకాల, అత్తా" అని పిల్ల చెప్పేసింది. తాళాలన్నకు ఆ వైపు ఇళ్ల యజమానులందరూ తెలుసు. అక్కడికక్కడే ఫోన్ కలిపాడు.

"పిల్లతో ఉండే ఆవిడా? ఉండేది. మనిషి మంచిదే" అంది అవతలి గొంతు. కాస్త ఆగి, "ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది.

"మా చెల్లెలింట్లో మేడ మీద" అని తాళాలన్న వీధి పేరుతో సహా చెప్పాడు. ఇళ్లవాళ్లు ఒకరికొకరు చేసుకునే మామూలు సాయం. ఎవరికీ ఏమీ అనిపించలేదు.

ఇప్పుడు తలుపు ఊడి వసారాలో వెల్లకిలా పడింది. లోపలివైపు చూస్తే దానికి ఒకటి కాదు, మూడు గడియలు. పైన ఒకటి, కింద ఒకటి, నడుమ చేతిమందం అడ్డకర్ర దూరే ఇనుప కొక్కేలు. స్క్రూలు ఇంకా మెరుస్తున్నాయి.

"ఓరి నాయనో! లోపల ఏం బంగారం దాచావమ్మా?" అని నవ్వాడు తాళాలన్న.

"మా ఆయన వెతుకుతున్నాడు" అంది ఆవిడ, కమిలిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని. "దొరికితే చంపుతానన్నాడు. ఊరికే అనే మనిషి కాదు." పమిట పక్కకు తీసి భుజం చూపించింది. ఎముక విరిగి వంకరగా అతికిన భుజం.

దర్జీ ఆవిడ చూపు తిప్పుకుంది. ఎన్నో భుజాలకు కొలతలు తీసుకున్న మనిషి. అలాంటి భుజానికి జాకెట్ చెయ్యి ఎలా కుట్టాలా అని ఒక్క క్షణం ఆలోచన వచ్చింది, వచ్చినందుకు సిగ్గేసింది.

"ప్రతి గదిలోనూ ఒక కథ ఉంటుంది చెల్లీ. వింటూ కూర్చుంటే నువ్వు రోడ్డున పడతావు" అని తాళాలన్న తలుపును వీపున వేసుకుని మెట్లు దిగాడు.

ఆ రాత్రి అద్దె ఆవిడ మంచాన్ని గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి దుప్పటి కట్టుకుంది. మర్నాడు పనికి పోలేదు. తలుపులేని గదిలో పిల్లనెలా వదులుతుంది?

మధ్యాహ్నం తాళాలన్న కుట్టుకొట్టులో టీ తాగుతుండగా ఒక మనిషి వచ్చి గడప దగ్గర చెప్పులు విడిచాడు. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల. చేతిలో పాత గోనెగుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువేదో ఉంది.

"పైన ఉండేది మా ఆవిడేనాండీ? రంపం మిల్లు దగ్గర్నుంచి వస్తున్నా. తీసుకెళ్దామని."

తాళాలన్న మొహం విప్పారింది. "వెళ్లు బాబూ, వెళ్లు. అటు పక్క మెట్లు. తలుపు కూడా కొట్టక్కర్లేదు." అతను వెళ్లాక చెల్లెలి వైపు తిరిగి కన్నుగీటాడు. "చూశావా? మన చేతికి మట్టంటకుండా గది ఖాళీ."

దర్జీ ఆవిడ చేతిలో గుడ్డ సగం కత్తిరించి ఉంది. రంపం మిల్లు. ఆ ఫోన్. "ఇప్పుడెక్కడుంది?" అని ఆగి అడిగిన ఆ గొంతు. కత్తెర అక్కడే ఆగింది.

పైన మంచం విరిగిన చప్పుడైంది. తర్వాత ఒక అరుపు, అరుపు మధ్యలోనే తెగిపోయింది.

ఆమె చేతిలో కత్తెరతోనే మెట్లెక్కింది. దుప్పటి చిరిగి వేలాడుతోంది. లోపల అతను పెళ్లాం జుట్టు చేతికి చుట్టుకుని తలను గోడకేసి కొడుతున్నాడు. బట్టలుతికినట్టు, తొందరేమీ లేకుండా, ఒక దెబ్బా ఒక మాటా. "నన్ను. ఒదిలి. వస్తావా." గోడ మీద ఎర్రటి మరక దెబ్బ దెబ్బకూ పెద్దదవుతోంది. గోనెగుడ్డ విప్పిన ఇనుపకడ్డీ అతని రెండో చేతిలో ఉంది.

"వదల్రా దాన్ని!"

అతను తిరిగి చూశాడు. "మొగుడూ పెళ్లాల మధ్యకు మీరెందుకండీ?" అన్నాడు, ఇంకా మర్యాదగానే.

ఆమె కత్తెరను పిడిదాకా అతని తొడలో దింపింది. గుడ్డ కోసినట్టు లేదు. తడి చెక్కలో దిగినట్టుంది. అతను ఊళపెట్టి జుట్టు వదిలేశాడు. అద్దె ఆవిడ నేలమీద పాకుతూ మంచం ముక్కల కింద నుంచి కూతుర్ని లాగి గుమ్మం బయటికి తోసింది. "అత్తా, అమ్మ!" అంటూ పిల్ల మెట్ల మీద కూలబడింది.

పిల్ల కోసం అతను కుంటుతూ గుమ్మం వైపు వచ్చాడు. దర్జీ ఆవిడ రెండు చేతులూ ద్వారబంధానికి చెరోవైపు బిగించి అడ్డం నిలబడింది. అడ్డం పెట్టడానికి అక్కడ ఇంకేమీ లేదు. దాన్ని ఆమే పీకించింది.

"తప్పుకో."

"తప్పుకోను."

కడ్డీ గాలిలో ఈలవేసింది. చెక్కకూ ఇనుముకూ మధ్య ఆమె కుడిచేతి వేళ్లు చితికాయి. కళ్లముందు తెల్లబడింది. ఆమె చెయ్యి తియ్యలేదు. రెండో దెబ్బ మోచేతి మీద పడింది. వెనక తాళాల గలగల వినబడింది. తాళాలన్న రొప్పుతూ ఎక్కొచ్చి, చెల్లెలి భుజం మీదుగా వేలు చూపించాడు.

"ఇదిగో, ఇది మా ఇల్లు! గొడవేదైనా ఉంటే బయట..."

కడ్డీ కొన ఆమె చెవి పక్కనుంచి దూసుకొచ్చి అతని నోట్లో దిగింది. రెండు పళ్లు ఇనుప మెట్ల మీద టిక్కుటిక్కుమని దొర్లాయి, వాటి వెనకే తాళాలన్న దొర్లాడు.

మొగుడు కడ్డీని మళ్లీ ఎత్తాడు. ఈసారి ఆమె తలకే. అది దిగలేదు. తలుపు పోయినా దాని అడ్డకర్ర గది మూల అలాగే మిగిలిపోయింది. మొహమంతా రక్తం కారుతున్న అద్దె ఆవిడ దాన్ని రెండు చేతులా ఎత్తి, పిండి మీద పిడికిళ్లు గుద్దే బలంతో అతని మెడ వెనక కొట్టింది. మోకాళ్ల మీద పడ్డాడు. మళ్లీ కొట్టింది. "నా పిల్ల జోలికి వస్తావా" అంటూ వీపు మీద, చేతుల మీద, కడ్డీ పట్టుకున్న మణికట్టు మీద కొడుతూనే ఉంది. దర్జీ ఆవిడ మిగిలిన ఎడమచేత్తో ఆమెను వాటేసుకుని ఆపకపోతే చంపేసేదే.

"చాలమ్మా. చాలు. పిల్ల చూస్తోంది."

అప్పటికి వీధంతా పోగయ్యింది. పోలీసులు వచ్చి అతన్ని మోసుకుని కిందికి దించారు. ఆసుపత్రిలో అద్దె ఆవిడ తలకు కుట్లు వేశారు. దర్జీ ఆవిడ చేతికి కట్టు కడుతూ డాక్టరు, రెండు వేళ్లు ఇక మడత పడవని చెప్పాడు. కత్తెర పట్టే వేళ్లే అవి.

సాయంత్రం వడ్రంగి తలుపు తెచ్చి బిగిస్తుంటే, తాళాలన్న వాచిన మూతికి గుడ్డ అదుముకుని మెట్ల కింద నిలబడ్డాడు. పళ్లూడి మాట నత్తిగా వస్తోంది.

"తెల్లీ, ఇప్పుడైతే ఇంకా తేలిక. పోలీతు కేతు తాకు చెప్పి..."

"అన్నయ్యా, ఇంకొక్క మాట మాట్లాడావంటే మిగిలిన పళ్లు ఎడమచేత్తో రాలగొడతాను. గుత్తిలోంచి ఈ గది తాళం తీసి ఇచ్చి, ఇంటికి పో."

అతను తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని, తన దగ్గరున్న రెండో తాళాన్ని పట్టుకుని పైకెళ్లింది. అద్దె ఆవిడ తలకట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో అడ్డకర్ర ఉంది.

"వాడికి ఇల్లు చెప్పింది మేమే" అంది దర్జీ ఆవిడ. "ఫోన్ చేసి చెప్పాం. తలుపు తీయించింది నేనే. ఇవి ఈ గది తాళాలు, నీ దగ్గరున్నది కాక రెండే ఉన్నాయి. ఇక నా దగ్గర ఏదీ లేదు. నువ్వు రమ్మంటే తప్ప నేను పైకి రాను. నువ్వు మాత్రం పోవద్దు."

ఆవిడ తాళాలు తీసుకుంది. కట్టు కట్టిన చేతిని చాలాసేపు చూసింది.

"నా మొగుడైతే వచ్చి కొడతాడని నాకు తెలుసు" అంది చివరికి. "తలుపు తీసి మీరూ కొడతారని తెలీదక్కా."

తలుపు దర్జీ ఆవిడ మొహం మీదే మూసుకుంది. పై గడియ పడింది. కింద గడియ పడింది. ఆమె మెట్ల మీదే నిలబడింది. వేళ్లలో నొప్పి గుండెతోపాటు కొట్టుకుంటోంది. లోపల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అడ్డకర్ర కొక్కేల్లో బరువుగా దిగి కూర్చుంది.

అప్పుడు ఆమె కిందికి దిగింది.