ఎడమ పురి

తిరుపాలమ్మది ఎడమచేతి వాటం. కడప దగ్గర గొర్రెలు కాసి కంబళ్ళు నేసే కురుబల ఇంట పుట్టిన పిల్లకు కదురు తిప్పడం ఎవరూ పనిగట్టుకుని నేర్పరు గానీ, అత్తగారు మాత్రం ఆ చెయ్యి చూసి నెత్తీనోరూ కొట్టుకుంది. అందరూ కుడిచేత్తో ఉన్ని వడికితే ఈమె దారానికి పురి ఎదురు తిరిగేది. అది మిగతా దారంతో కలవదని కంబళ్ళు నేసేవాళ్ళు ఆమె మొహాన విసిరికొట్టేవారు. చీవాట్లు తిని తిని కుడిచేత్తో వడకడం నేర్చుకుంది పాపం.

ఆ పనితనం కువైట్‌లో, సబా అల్ సలేం పేటలో తాను పనికి కుదిరిన ఇంట్లో, 'మామా' అని పిలుచుకునే యజమానురాలి దగ్గర అక్కరకొచ్చింది. మామా భర్త ఎక్కడో దక్షిణ అమెరికా వెళ్ళి సంచుల నిండా అల్పాకా ఉన్ని తెచ్చాడు. ఆ జంతువు ఫొటో చూసి తిరుపాలమ్మ పడీపడీ నవ్వింది.

"ఇదేం జీవం మామా? ఒంటె మెడ, గొర్రె ఒళ్ళు!"

గరిటె కాడకు చెక్కబిళ్ళ తగిలించి కదురు చేసింది. మామాకు వడకడం తాను నేర్పింది, సూదులతో అల్లడం మామా దగ్గర తాను నేర్చుకుంది. టీ రంగు ఉన్ని, వెన్నలా మెత్తన. ఇద్దరికీ మధ్యాహ్నాలు ఇట్టే గడిచిపోయేవి.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. మామా భర్త అప్పుడు పరదేశంలో ఉండిపోయాడు. పక్కనున్న ఖాళీ విల్లాలో ఒక కెప్టెన్ దిగాడు. లావుపాటి మీసం, అంతకంటే లావుపాటి పొట్ట. రాగానే మామా కారు కావాలన్నాడు. ఆ ఇంటి డ్రైవరు చిన్నపుల్లయ్య, తిరుపాలమ్మకు తోడబుట్టిన తమ్ముడు. వీసాకు పూచీ పడే యజమానిని అక్కడ కఫీల్ అంటారు; ఆమే ఆ కఫీల్ కాళ్ళావేళ్ళా పడి వీసా తెప్పించి వాణ్ణి పిలిపించుకుంది. వాడికి ఆ కారంటే ప్రాణం. కెప్టెన్ వచ్చేలోగా ఇంజన్‌లో వైర్లు పీకి ఎక్కడో పారేశాడు. కెప్టెన్ కారును తాళ్ళు కట్టి లాక్కుపోయాడు, వాణ్ణీ వెనక సీట్లో కుదేసి పట్టుకుపోయాడు.

ఫర్వానియా పేటలో ఉన్న మన ఊరివాళ్ళంతా బస్సులెక్కి జోర్డాన్ దారి పడుతూ రమ్మని బతిమాలారు. తిరుపాలమ్మ ససేమిరా అంది.

"మాయమ్మకు ఏమని చెప్పాల? పిల్సకపోయి పోగొట్టుకొస్తినని చెప్పాల్నా? వాడు యాడుండాడో తెలిసేదాకా నేను కదల!"

చలి ముదిరింది. ఒకరోజు కెప్టెన్ గుమ్మంలోకి వచ్చాడు. వాడొస్తే మామా మేడ మీద దాక్కునేది, ఒక్కసారీ వాడి కంటపడలేదు. తిరుపాలమ్మ ఒంటిమీది టీ రంగు స్వెటర్‌ని వాడు వేళ్ళతో నలిపి చూశాడు.

"నాకూ ఇలాంటిది అల్లు. నీ తమ్ముడు ఇంటికొస్తాడు."

"వల్లా?" అంది తిరుపాలమ్మ. దేవుడి మీద ఒట్టా అని.

"వల్లా," అన్నాడు వాడు.

ఓరి నీ నోట్లో దుమ్ముపడ! ఆ మాట నమ్మి ఆ పిచ్చిది రెక్కలు ముక్కలు చేసుకుంది. కుడిచేత్తో, పొల్లు లేకుండా, తన జన్మలో వడకనంత సన్నగా వడికింది. నడుము కొలత కోసం వాడి ఎదుట నిలబడ్డ రోజున ఆమె కళ్ళు బెల్టు మీద పడ్డాయి. తోలుబెల్టు. దాని బొక్కలన్నిటికీ లోపలివైపు, వంకరగా, అంచుకు జరిగిన ఒక బొక్క. కువైట్‌కు వచ్చిన కొత్తలో చిన్నపుల్లయ్య నడుముకు ఆ బెల్టు జారిపోతుంటే, మేకు పెట్టి సుత్తితో తానే పొడిచింది. "అక్కా, వంకర పోయిందే!" అని వాడు వెక్కిరించాడు కూడా.

ఆ బెల్టు ఇచ్చేసి బతికుండే రకం కాదు తమ్ముడు. తిరుపాలమ్మకు అర్థమైంది. కొలత తీసుకుంది, తాడుకు ముడేసింది, వంటింట్లోకి వెళ్ళి గొంతు బయటికి వినబడకుండా ఉన్ని నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఏడుపయ్యాక ముక్కు తుడుచుకుని, అప్పటిదాకా వడికిన దారమంతా మామా ఒళ్ళో పడేసింది. కదురు ఎడమచేత్తో పట్టుకుంది.

"మళ్ళీ మొదటినుంచా? ఎందుకు?" అంది మామా.

"వాడు ఎప్పుడో ఒగనాడు పారిపోతాడు మామా. ఉడుపులు ఇడుస్తాడు, మీసం గొరిగిచ్చుకుంటాడు. ఈ చలికి స్వెటర్ మాత్రం ఇడ్సడు. నా పురి నాకు తెలీదా?"

కెప్టెన్ స్వెటర్ తొడుక్కున్నాడు, తమ్ముడు మాత్రం రాలేదు. ఫిబ్రవరిలో సైన్యం తోకముడిచింది. తుపాకులు పట్టిన ఆ వీధి కువైటీ కుర్రాళ్ళు పారిపోయేవాళ్ళని పట్టుకుని గోడవార నిలబెట్టారని తెలిసి, తిరుపాలమ్మ మామా చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. వరసలో ఒకడు, మీసం లేదు. చొక్కా మీద టీ రంగు స్వెటర్.

"నేను బేకరీలో రొట్టెలు కాల్చేవాణ్ణి. ఎప్పుడో బస్రా నుంచి వచ్చి ఇక్కడే ఉన్నాను. ఈ పనిమనిషి ఎవరో నాకు తెలీదు. స్వెటర్ సూక్ బజార్లో కొన్నాను," అన్నాడు.

తిరుపాలమ్మ సంచిలోంచి రెండు ఉండలు తీసింది. ఒకటి మామా వడికింది, ఒకటి తాను ఎడమచేత్తో వడికింది. తుపాకీ కుర్రాడి చేతికిచ్చి కుడివైపుకు పురి పెట్టమంది. మామా దారం బిగుసుకుంది. తిరుపాలమ్మది విచ్చుకుని దూదిలా అయింది. తర్వాత వాడి మెడ దగ్గర, ముడిలో తాను దాచిన దారం కొస లాగి అందించింది. అదీ విచ్చుకుంది. కుర్రాళ్ళు తుపాకులు ఎత్తారు.

"ఆగండి నాయనా," అని ఆమె ఆ కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. మెడపట్టీ ఊడింది, ఛాతీ దిగింది. దారం ఉండ చుడుతూ అడిగింది: "నా తమ్ముడు యాడ? ఇది అయిపోయేలోగా చెప్పు. చెప్తే నిన్ను ఇడ్సమని నేనే చెప్తా."

"వల్లా?" అన్నాడు వాడు.

"వల్లా!"

"అమ్ఘరాలో. పాత ఇనుము యార్డు వెనక. ఆ కారు పక్కనే పూడ్చాం."

తిరుపాలమ్మ దారం తెంపింది. వాడి నడుముకున్న బెల్టు సర్రున లాగేసింది. కుర్రాళ్ళ వైపు తిరిగి, "వీడే ఆ కెప్టెను. తీస్కపోండి," అంది.

"ఒట్టు పెట్టావు! వల్లా అన్నావు!" అని వాడు గుక్కపెట్టాడు.

"నువ్వూ అంటివి కదరా సచ్చినోడా! నేను నీ మాట నమ్మి చేతులు పడిపోయేదాకా వడికితి. ఇంగ నువ్వు నా మాట నమ్ముకోని ఏడువు!"

ఇద్దరూ అమ్ఘరాకు పోయే జీపెక్కారు. "దేవుడి మీద అబద్ధపు ఒట్టు వేశావే తల్లీ," అంది మామా.

"ఏసినా మామా. ఆయప్పకు నేను జవాబు చెప్పుకుంటా," అంది తిరుపాలమ్మ. ఒళ్ళో బెల్టు పెట్టుకుని, వంకర బొక్కను బొటనవేలితో తడుముతూనే ఉంది. "నా తమ్మునిది నడుము సన్నం. ఈ బొక్కకే పెట్టాల."