టిక్కు పెట్టిన పదిహేడు వరుసలు

పెండ్లిపత్రికలో వరుడి తాత పేరు మూడోసారి దిద్దుతుండగా వరమ్మకు మెయిలొచ్చింది. కడపలోని ఆ అచ్చాఫీసులో పన్నెండేళ్లుగా ఊరందరి పేర్లూ టైపు చేస్తున్న మనిషి. తన పేరు మాత్రం ఎక్కడా పడింది లేదు. ఇదిగో, ఇప్పుడు పడింది! కర్నూలు కిరణ్‌కుమార్ అందరికీ ఉచితంగా ఇచ్చే తెలుగు ఫాంటు సాయంత్రం అయిదింటికి విడుదల. 'ఒత్తుల జాబితా: వరమ్మ, కడప' అని ఉంది అందులో.

మళ్లీ చదువుకుంది. మూడోసారి చదువుతుంటే నాలుక కరుచుకుంది. ఏ అక్షరం కింద ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఆ జాబితాను ఆమె టైపు కొట్టి కిరణ్‌కు పంపిందంతే. రాసింది రామకోటయ్య, సీసపు అక్షరాల కాలంలో ఇదే అచ్చాఫీసులో అక్షరాలు పేర్చిన కంపోజిటరు. వెంటనే ఫోను తీసింది.

"కిరణూ, అది నాది కాదప్పా. రామకోటయ్య సారుది."

"ముందే చెప్పొద్దా అక్కా! ఎవురిదైనా వాడుకోవచ్చు గానీ, వాళ్ల పేరు రాయాల్సిందే. అయిదులోపల ఖాయం చేసి చెప్పు."

అన్నం డబ్బా మూత కూడా తీయకుండా, జాబితా కాగితం పట్టుకుని రెండు వీధుల అవతలికి ఎండలో ఒకటే నడక. సంగతి వినగానే ఎనభై ఏళ్ల రామకోటయ్య బోసినోటితో పకపకా నవ్వాడు.

"నా పేరా! అందురికీ కనపడుతుందా?"

"యాడున్నోళ్లకైనా సార్!"

ఆయన సంబరం చూడాలి! కళ్లజోడు తగిలించుకుని వరుసల వెంట వేలు పోనిచ్చాడు. ఒకచోట ఆగాడు.

"అంతా నాది కాదమ్మా. ఇంగొకరిది ఉండాది. పెన్సిలిచ్చి పో, ఏది ఎవురిదో గురుతులు పెడతా. నాలుగింటికి రా."

నాలుగు కొట్టకముందే వరమ్మ వసారాలో ఉంది. ఆయన కోడలు రామలక్ష్మమ్మ మెల్లగా అంది: "మూడింటి దాకా ఒగటే హుషారుగా రాసినాడు. ఆనక కునుకు పట్టినట్టుండాది."

వరమ్మ కుర్చీలో వాలి ఉన్న ఆయన చేతిని తాకింది. చల్లగా ఉంది.

ఏడ్చారు ఇద్దరూ. ఇరుగుపొరుగు చేరారు. అయిదుకు పది నిమిషాలుందనగా వరమ్మ ముక్కు చీది, ఆయన ఒళ్లోని కాగితం తీసి చదివింది. 'టిక్కు పెట్టిన పదిహేడూ భీమమ్మ చెప్పినవి. మా అచ్చాఫీసులో అక్షరాలు కడిగి అరల్లో సర్దేది. చదువు రాదు. తప్పు ఒత్తును వేలితో తడిమి పట్టేది.'

"ఇద్దురి పేర్లు రాయప్పా," అంది ఫోనులో. "రామకోటయ్య, భీమమ్మ."

"మరి నీది?"

"టైపు కొట్టింది వరమ్మ అని అడుగున ఏసుకో."

ఫోను పెట్టేసి, ఇరుగుపొరుగు ఆయన్ను లోపలికి మోసుకుపోగా ఖాళీ అయిన కుర్చీలో కాగితాన్ని ఉంచింది. పదిహేడో టిక్కు పక్కన, మొన అరిగిన పెన్సిలు.