చందమామకు టచప్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో మా ఫ్రేముల షాపులో అందరికీ తెలుసు. కానీ ఈసారి వచ్చిన కోపం ఎవరికైనా వచ్చేదే.

యూసుఫ్ అనే బహ్రెయినీ పెద్దాయన హిద్ అనే ఊరి నుంచి పన్నెండు పాత ఫొటోలు ఒక కవరులో పెట్టి తెచ్చాడు. చందమామ మీద దిగినవాళ్ళు అక్కడ తీసినవి. యూసుఫ్ వాళ్ళ నాన్న యాభై ఏళ్ళు దాచుకున్నాడట. హాలు గోడకు ఫ్రేములు కట్టించాలని యూసుఫ్ కోరిక.

ఆ ఫొటోల్లో బూడిదరంగు నేల మీద వరసగా సన్నటి నల్ల కూడిక గుర్తులున్నాయి. వాటిని చూసి మా మేనేజర్ శ్రీనివాసరావు మొహం చిట్లించాడు.

"ఏంటయ్యా లచ్చన్నా, ఈ మచ్చలు? జగిత్యాల స్టూడియోలో పెళ్ళికూతుళ్ళ మొటిమలు తీసేవాణ్ణని చెప్పుకుంటావుగా. వీటినీ తీసెయ్."

"సార్, గవి మచ్చలు గావు. దూరం కొలుసుటానికి కెమెరా లోపట అద్దం మీదనే పెట్టిన్రు. మునుపు ఒక గిరాకి చెప్పిండు."

"ఫ్రేములు కొట్టేవాడివి, బీయస్సీ చదివిన నాకు చెప్తావా?"

షాపంతా నవ్వింది.

"పెద్దాయనను ఒక్క మాట అడుగుండ్రి సార్."

"అడిగితే మనకేం తెలీదనుకుంటాడు. చెప్పింది చెయ్. లేదంటే వీసా క్యాన్సిల్ చేయించి పంపించేస్తా, ఊరెళ్ళి మొటిమలే తీసుకో."

నాకు ఒళ్ళు మండిపోయింది. సరే, చేస్తాను, రేపు పెద్దాయన ముందు నవ్వులపాలయ్యేది నువ్వే అనుకున్నాను. బ్లేడు మొనతో ఒక్కో గుర్తునూ గీకి, సన్నకుంచెతో బూడిదరంగు అద్దాను. మూడు రోజులు పట్టింది. పళ్ళు కొరుకుతూనే చేశాను గానీ పనికి వంక పెట్టడానికి లేదు.

నాలుగో రోజు యూసుఫ్ వచ్చాడు. మొదటి ఫ్రేము దగ్గరే ఆగిపోయాడు. అద్దం మీద వేలు పెట్టి వెతికాడు. రెండోది చూశాడు, మూడోది చూశాడు.

"గుర్తులేవి?" అని హిందీలో అడిగాడు.

శ్రీనివాసరావు వేలు క్షణంలో నా వైపు తిరిగింది. "ఈ చదువు లేనివాడి పని సార్. వీణ్ణి ఇంటికి పంపించేస్తున్నాం."

ఇక నేను ఆగలేదు. నాకొచ్చిన హిందీలో గొంతు చించుకుని అరిచాను. ఆ గుర్తులేమిటో నాకు తెలుసు. మా సారుకే తెలియదు. వద్దని చెప్పాను, వినలేదు. వీసా తీసేస్తానని బెదిరించాడు. షాపులో ఎవరూ నవ్వలేదు. శ్రీనివాసరావు మొహం నల్లబడింది. నా కడుపు చల్లబడింది. ఈ పెద్దాయన ఒక్క మాట చెబితే నా ఉద్యోగానికి ఢోకా ఉండదనుకున్నాను.

యూసుఫ్ మేనేజర్ వైపు చూడనైనా లేదు.

"మొదటి ఫొటో గీకేటప్పుడు నీకు తెలుసా?" అని నన్నడిగాడు.

"తెలుసు."

"పన్నెండోది గీకేటప్పుడు?"

నేను మేనేజర్ వైపు చూశాను.

"కవరు మీద నా ఫోన్ నంబరు రాసి ఇచ్చాను," అన్నాడు యూసుఫ్. గొంతు పెంచలేదు. ఫ్రేములన్నీ కారులో పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

వారంలోనే నా చేతిలో టికెట్ పెట్టారు. శ్రీనివాసరావు మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఆ మూడు రోజులూ ఆ కవరు నా బల్ల మీదే ఉంది.