చలి వెయ్యని చెట్టు

మార్చి ఎండ పొడచూపగానే తోదా నిచ్చెన వేసుకుని గుమ్మం పక్కనున్న ఖర్జూరపు చెట్టుకి కట్లు విప్పింది. నవంబరులో మంచుకి కట్టేదీ తనే, మార్చిలో విప్పేదీ తనే. పదకొండేళ్ళుగా ఆ పనిమీద మరో చెయ్యి పడలేదు. గోనె తీసి, కింది కంబళి తీసి, నడిమొవ్వు పట్టుకుందో లేదో అది ఊడి చేతికొచ్చేసింది. దాని అడుగున గంజిలాంటి గోధుమరంగు జిగురు. ఆ కంపు ఏమని చెప్పను తల్లీ, చచ్చిన ఎలకని పులిసిన మజ్జిగలో నానేసినట్టు! మోచేతిదాకా కారింది.

"చెయ్యిపెట్టి లోపలిదంతా తోడెయ్, బతుకుతుందేమో," అన్నాడు కింద టీ గ్లాసు పట్టుకు నిలబడ్డ మొగుడు అల్లాల్. "నా మీద పడేసేవు, చూసుకో."

అల్లాల్‌ది ఎండలు మండే మరాకేష్. గుమ్మానికి అటూ ఇటూ ఖర్జూరాలు లేని ఇల్లు వాళ్ళ లెక్కలో ఇల్లే కాదు. మా అజ్రూ కొండల్లో మోకాళ్ళలోతు మంచు పడుతుందని తెలిసీ మరాకేష్ నుంచే చెట్లు తెప్పించాడు. మూడో జతలో మిగిలింది ఇదొక్కటే. వేసవిలో ఆకు పచ్చగా ఉన్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళకి "నా చేతి చలవ" అని చూపించేవాడు. చచ్చిన ఏడు మాత్రం "తోదా సరిగ్గా కట్టలేదు" అనేవాడు.

కిందటి నవంబరులో గోనెలు చాలలేదు. అత్తగారు లల్లా బతూల్ తిన్నగా వెళ్ళి తోదా పెట్టె తెరిచి, పెళ్ళినాడు తోదా భుజాన కప్పుకొచ్చిన తెల్ల ఉన్ని దుప్పటి బయటికి లాగింది. వాళ్ళమ్మ రెండు శీతాకాలాలు కూర్చుని నేసిన దుప్పటి, అంచంతా తళుకు బిళ్ళలు.

"చిమ్మటలకి మేపేకంటే చెట్టుకైనా పనికొస్తుందిలే."

"తడిసిన ఉన్ని ఆరదత్తా. లోపల మొవ్వు కుళ్ళిపోతుంది," అంది తోదా.

అల్లాల్ పకపకా నవ్వాడు. "గొర్రెలవాళ్ళ పిల్ల వచ్చి ఖర్జూరాల సంగతి మాకు చెబుతోందే అమ్మా!"

ఇప్పుడా దుప్పటి తుప్పు మరకలతో, కుళ్ళు రసంతో చేతిలో బరువుగా వేలాడుతోంది. మధ్యాహ్నం అందరూ ఒక్క పళ్ళెం చుట్టూ కూర్చుంటే లల్లా బతూల్ రొట్టె తనవైపు జరుపుకుని, "చేతులు కడిగావా? ఇంకా కొడుతోందే," అంది. నాలుగుసార్లు కడిగింది తోదా. ముద్ద నోటిదాకా వెళ్ళక ఊరికే చూస్తూ కూర్చుంది. గడ్డానికి నూనె కారుతుంటే రొట్టెతో తుడుచుకుంటున్న మొగుణ్ణి చూస్తే ఆ మొవ్వు అడుగునున్న జిగురే గుర్తొచ్చింది. వేళ్ళు పగిలి నెత్తురోడుతుంటే మంచులో నిచ్చెనెక్కి చెట్టుకి దుప్పట్లు చుట్టింది, అత్తగారి మోకాళ్ళకి శాలువా చుట్టింది, మొగుడి పాదాలకి వేడి ఇటుక గుడ్డలో చుట్టి పెట్టింది. ఇన్నేళ్ళలో ఒక్కరైనా, నీ ఒంటిమీద ఏముందే అని అడిగారా? ఆయన పాత స్వెట్టరు, మోచేతుల దగ్గర చిరుగులతో. అసహ్యం చెట్టుమీద కాదని ఆమెకి అప్పుడే తెలిసింది.

"పండక్కి మావాళ్ళొస్తారు," అన్నాడు అల్లాల్ మూతి తుడుచుకుంటూ. "నాకు తీరిక లేదు. ఈసారి చలికి ఆగే చెట్టేదో నువ్వే చూసి తే. చచ్చిందంటే మాట నీకే."

మొక్కల దుకాణం ముసలాయన ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. "మగవాళ్ళెవరూ రాలేదా?"

"చెట్టు నాటేది నేనేగా బాబాయ్. మంచుకి ఆగేదేదో చెప్పు."

మానంతా నారతో, బొచ్చు కోటు తొడుక్కున్నట్టున్న పొడుగు చెట్టొకటి చూపించాడు. "చీనా దేశపుది. మంచుకి భయంలేదు. గాలికి మాత్రం ఆకు చీలికలవుతుంది. మొదటి రెండేళ్ళూ కాస్త కట్టాలి."

"కట్టనక్కర్లేనిది?"

ముసలాయన నవ్వి గోడవారకి చెయ్యి చూపాడు. బూడిద నీలం విసనకర్రల్లాంటి ఆకులతో, పొట్టి తాటిచెట్టులాంటి దూమ్ పొద. తోదా వాళ్ళమ్మ కొండమీద ఆకు కోసి బుట్టలల్లినది అదే. "అది మన కొండదేనమ్మా. దానికెవరు కట్టారు ఎప్పుడైనా? చీపుళ్ళకి కోసుకునేదాన్ని గుమ్మంలో పెడతావా ఏంటి?"

"రెండియ్యి," అంది తోదా.

తోదా నాటిన పొదలు చూసి అల్లాల్ గుమ్మంలోంచే అరిచాడు. "మావాళ్ళు వచ్చేసరికి నా వాకిట్లో చీపురుకట్టలా! పీకెయ్!"

"నేను పీకను. పార అక్కడుంది, మీరే పీకండి."

ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందు పుట్టలేదు. అల్లాల్ నిజంగానే వంగాడు. కాడల ముళ్ళు అరచేతిలో దిగేసరికి "అమ్మో!" అని వెనక్కి గెంతాడు. లల్లా బతూల్ కొడుకు చెయ్యి పట్టుకుని ఊదుతూ కూర్చుంది. పొదలు అక్కడే ఉన్నాయి. పండక్కి వచ్చినవాళ్ళు నవ్వారు, తిన్నారు, వెళ్ళిపోయారు.

నవంబరులో మొదటి మంచు పడ్డ పొద్దున, అల్లాల్ కిటికీలోంచి చూసి కేకేశాడు. "తోదా! చెట్లు అలాగే వదిలేశావేంటి? దుప్పటేది?"

తోదా వాకిట్లోనే ఉంది, ముక్కాలిపీటమీద, వేడి టీతో. ఏడుసార్లు ఉతికినా మరక పోని తెల్ల దుప్పటి భుజాలచుట్టూ బిగించి కప్పుకుంది. పక్కన దూమ్ ఆకులు మంచు దులుపుకుంటున్నాయి.

"దానికి చలి వెయ్యదండీ," అంది వెనక్కి తిరక్కుండానే. "నాకేస్తుంది."