పాముల స్వామిని పాము కరిచిన రోజు

ఎల్లస్వామి మిర్చి బస్తాల వెనక చెయ్యి పెట్టినప్పుడు అక్కడ ఉండాల్సింది ఆయన సొంత పాము.

పొద్దున్నే ఎనుమాముల మార్కెట్‌కు వచ్చి, సంచిలోని విషంలేని జెర్రిపోతును సుదర్శన్ సేటు కొట్లో ఎవరూ చూడకుండా వదిలింది ఆయనే. "నీ కొట్ల నాగదోషం ఉన్నది సేటూ" అని చెప్పిందీ ఆయనే. ఇక మంత్రం చదవడం, పామును బయటికి లాగడం, సేటు దండం పెట్టడం మిగిలాయి. ఏనాడూ గురి తప్పని కార్యక్రమం.

ఈసారి పామే ఆయన చెయ్యి పట్టుకుంది.

లాక్కుని చూస్తే బొటనవేలి దగ్గర రెండు రక్తపు చుక్కలు. బస్తాల సందులోంచి ప్రెషర్ కుక్కర్ లాంటి బుస. ఒంటినిండా గొలుసు మచ్చలు. రక్తపింజర! జెర్రిపోతు ఎప్పుడో తెలివిగా తప్పుకుంది.

ఏటూరునాగారం అడవిలో గురువు దగ్గర మంత్రం నేర్చుకున్నానని ఎల్లస్వామి చెప్పుకుంటాడు. నిజానికి ఆ దారిలో ఒకసారి జాతరకు వెళ్లి, చెప్పులు పోగొట్టుకుని వచ్చాడు. కరిచే పాముల్లో చాలావాటికి విషం ఉండదు. ఆయన వైద్యవిద్య మొత్తం అంతే. రోగి బతికితే మంత్రం పనిచేసినట్టు. చస్తే పథ్యం తప్పినట్టు.

అంతటి వైద్యుడికి ఇప్పుడు అర్జంటుగా సూది కావాలి.

"దవాఖానకు బండి తియ్యి సేటూ! జల్ది!"

సేటు బెదిరిపోయి హమాలీని కేకేశాడు.

"తిరుమలా, స్వామిని పట్టుకోరా! విషం తలకెక్కుతాంది!"

తిరుమల రెండేసి బస్తాలు ఒక్కసారే మోసే హమాలీ. కిందటేడు నీళ్లపాము కరిస్తే ఎల్లస్వామి ఊది 'బతికించాడు'. నీళ్లపాము కరిస్తే ఎవరూ చావరని తిరుమలకు తెలియదు. ఆ కృతజ్ఞతనంతా చేతుల్లోకి తెచ్చుకుని స్వామిని నేలకు అదిమాడు.

"ఇడువురా! నేను సస్త!"

"ఊకో స్వామీ. నువ్వే చెప్పినవ్ గదా. విషమెక్కితే మనిషి దవాఖాన, సూది అని ఒర్లుతడు, అది విషం మాట్లాడుతాంది, ఇనద్దు అని."

చెప్పాడు. రోగులు మధ్యలో జారిపోకుండా తానే వేసిన తాళం అది.

"అరేయ్, నాకు మంత్రం రాదురా! అంతా అబద్ధం! పొద్దుగాల ఈడ పామును ఇడిసింది నేనే!"

హమాలీల్లో ఒకడు కళ్లు తుడుచుకున్నాడు.

"ఎసొంటి మనిషి ఎట్ల మాట్లాడుతాండో సూడుండ్రి" అన్నాడు సేటు. "విషం మొత్తం ఎక్కింది."

చాన్నాళ్లకు ఎల్లస్వామి నిజం చెప్పాడు. ఫలితంగా ఇంకో ఇద్దరు వచ్చి కాళ్లు పట్టుకున్నారు. ఎవరో వేపమండలతో బాదడం మొదలుపెట్టారు. అదీ ఆయన నేర్పిన చికిత్సే. ఇంత నొప్పి పుడుతుందని రోగులు ఎవరూ ఆయనకు చెప్పలేదు.

వాపు మోచేతి దాకా పాకింది. నోట్లో ఉప్పగా తగిలింది. చిగుళ్ల నుంచి నెత్తురు. నిజం చెబితే ఇక్కడే చస్తాడు. బతకాలంటే వచ్చిన విద్య ఒక్కటే ఉంది.

ఎల్లస్వామి కళ్లు తేలేశాడు. ఒళ్లంతా ఊగించి, గొంతు మార్చి గర్జించాడు.

"ఎవడ్రా నా బిడ్డ మీద చెయ్యేసింది!"

అందరి చేతులూ ఒక్కసారి పట్టు వదిలేశాయి. సేటు మోకాళ్ల మీద పడ్డాడు.

"తప్పయింది తల్లీ! ఏం జెయ్యాల్నో చెప్పు!"

"నా మూలిక ఒక్క తాన్నే మొలిసింది! హనుమకొండ పెద్ద దవాఖాన, క్యాజువాలిటీ తలుపు పక్కన! నా బిడ్డే తెంపాలె! ఆడ తెల్లకోటు ఆమె సూది ఏస్తది. ఆ సూదిల నేనుంట! ఆలస్యం చేసిండ్రో, మీ అందర్ని పట్టుకుంట!"

సేటు కారు ఆటోల మధ్య నుంచి, ఒకచోట ఫుట్‌పాత్ మీద నుంచి కూడా పోయింది.

ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీలు పోయేవని డాక్టర్ అనూష చెప్పింది. నాలుగో రోజు పొద్దున తేరుకున్నాక ఎల్లస్వామి చేతులు జోడించాడు.

"మేడం, నేను దొంగను. బయటికి పోయి అందరికి నిజం చెప్త."

డాక్టరు కిటికీ తెర పక్కకు లాగింది. కింద క్యాజువాలిటీ తలుపు పక్కన, మూలిక అనుకుని జనం పీకగా, గడ్డిపోచ కూడా మిగల్లేదు. సుదర్శన్ సేటు గోడకు కొబ్బరికాయ కొడుతున్నాడు. ఆటోలోంచి ఒక ఆడపిల్లను ఎత్తుకుని ఎవరో లోపలికి పరుగెత్తారు.

"సూదిలో అమ్మవారు ఉందని పాము కరిచిన వాళ్లు టైంకు వస్తున్నారు. ఏళ్లుగా మేం అతికించిన పోస్టర్లు ఒక్కరూ చదవలేదు" అంది డాక్టరు. "నిజం చెప్పకు, నీకు దండం పెడతా. అందరినీ ఇటే పంపు."

సాయంత్రం తిరుమల అరటిపండ్లతో వచ్చాడు. మరో చేతిలో ఎల్లస్వామి సంచి. అది కదులుతోంది.

"సేటు కొట్ల జెర్రిపోతు దొరికింది స్వామీ. నీదే గదా. ఇడిసిన అంటివి."

ఎల్లస్వామి మంచం మీదే గోడ దాకా జరిగాడు.

"సేటుకు చెప్పలే" అన్నాడు తిరుమల, పండు ఒలిచి చేతికిస్తూ. "పొద్దుగాల ఎత్తుకొచ్చింది మా సెల్లె బిడ్డను. కట్లపాము. సూది ఏసిండ్రు, బతికింది. ఇగ నీ కాడికి ఎవలొచ్చినా ఈడికే పంపాలె. మల్ల వేపమండ పట్టినవనుకో..."

మాట పూర్తి చేయకుండా, ఆ రెండు చేతులతో స్వామి భుజాలను మెల్లగా, ఎంతో భక్తిగా నొక్కాడు.