వంగిన పలక

వర్లిన్ ష్రాగ్ అట్టముక్కల్ని చెదరగొట్టి మళ్ళీ మొదటినుంచి పేర్చసాగాడు. ఓట్స్ డబ్బాలు కత్తిరించి చేసిన ముక్కలవి. ఒక్కోదాని మీద ఒక పెన్సిల్ గీత: కొన్నిటికి నిలువు, కొన్నిటికి అడ్డం, మిగతావాటికి ఐమూల. ఒక్కో ముక్క ఒక్కో కార్బన్ పొర కింద లెక్క. ఏ పొర మీద ఏ పొర రావాలి, దాని పోగులు ఎటు వాలాలి అన్నది తేల్చడమే అమెరికాలో విచిటా అనే ఊళ్ళోని ఈ విమాన భాగాల కర్మాగారంలో అతని ఉద్యోగం. పైన రంగు వేశాక లోపలి పొర మొహం ఎవడు చూస్తాడు! వర్లిన్ సంగతీ అంతే. జీతాలిచ్చే ఆవిడ ఇప్పటికీ అతన్ని వర్నన్ అని పిలుస్తుంది, అతనూ పలుకుతాడు.

"ఏం మహానుభావా, పొద్దున్నే పేకాటా?" అంటూ వచ్చింది లోర్నా. పొరలు పరిచే గదికి ఆవిడే పెద్ద. చేతులకి తొడుగులుంటాయి గానీ నోటికి ఏ తొడుగూ లేదు.

"మా అమ్మ వినుంటే నీ నోరు సబ్బుతో కడిగేది," అన్నాడు వర్లిన్. పేకముక్క గడప తొక్కని మెన్నొనైట్లనే నిష్ఠాపరులైన క్రైస్తవుల ఇంట్లో పుట్టాడు పాపం.

లోర్నా నవ్వింది గానీ కళ్ళు అట్టల మీదే ఉన్నాయి. అంబులెన్సు విమానం తలుపులో రెండు పొరలు తగ్గించాలి. బరువు తగ్గాలి, బలం తగ్గకూడదు. ఇవాళ కుదరకపోతే ఆ తలుపుల పని వేరే ఊరికి పోతుంది, లోర్నా గదికి తాళం పడుతుంది. అందులో ఉన్న నలుగురికీ ఇంకో పని చూపిస్తామని ఎవరూ అనలేదు. ఆ దిగులుతో వర్లిన్‌కి కొన్నాళ్ళుగా కంటిమీద కునుకు లేదు.

కంప్యూటర్ అన్నిటికన్నా తేలికైన వరస ముందే చెప్పింది. కాకపోతే ఒకే వాలు పొరలన్నీ నడిమధ్య గుట్టపడ్డాయి, అలాంటి గుట్ట చలికి చీలుతుంది. దాని తప్పేం లేదు, అడిగినదానికే జవాబిచ్చింది. గుట్ట పోయొద్దని చెప్పడం వర్లినే మర్చిపోయాడు. చెప్పాక అది ఇచ్చిన వాటిలో ఒకటి ఏరి, ఇప్పుడు అట్టలతో సరిచూసుకుంటున్నాడు. నడిమి నుంచి పైకి ఎలా ఉందో కిందికీ అలాగే ఉండాలి, అద్దంలో చూసినట్టు.

లేకపోతే ఏమవుతుందో అతని బల్ల మీదే ఉంది. చేరిన కొత్తలో పై సగం చక్కగా వేసి, కింది సగానికి వరస తిరగెయ్యకుండా ఉన్నదున్నట్టు మళ్ళీ దించేశాడు. పొరల్ని కాల్చి గట్టిపరిచే పొయ్యిలోంచి పలక చిప్పలా వంగి వచ్చింది. అప్పటి ఫోర్‌మన్ తిట్టలేదు. దాంట్లో గుప్పెడు పిప్పరమెంట్లు పోసి అతని బల్ల మీద పెట్టాడు. కర్మాగారమంతా వచ్చి తలా ఒకటి తీసుకుని చప్పరించింది. వర్లిన్ సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాడు తనే ఒక పొట్లం కొనుక్కొచ్చి పోశాడు. అప్పట్నుంచీ పోస్తూనే ఉన్నాడు.

"ఇదిగో," అని వరస రాసిచ్చాడు.

"ఈసారైనా తిరగేశావా?"

"నువ్వు బళ్ళో చదువుకునేనాటి తప్పు అది. ఇంకా వదలవా?"

"ఈ పిప్పరమెంట్లు ఉన్నన్నాళ్ళూ వదలను," అని నోట్లో ఒకటి వేసుకుని వెళ్ళింది లోర్నా.

పొరలు పరిచారు, తలుపుకి నమూనా పలక పొయ్యిలోకి వెళ్ళింది. మధ్యాహ్నం భార్య అనీటా కట్టిచ్చిన బన్ను తిన్నాడు వర్లిన్, లోపల క్యాబేజీ, మాంసం కూరినది. ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. నెమ్మదిగా నమల్లేదని తనని తనే విసుక్కున్నాడు. పొయ్యి తెరిచేటప్పుడు అతనెప్పుడూ అక్కడ ఉండడు, చూడలేడు. వెళ్ళి తన ట్రక్కులో కూర్చుంటాడు. పలక చదునుగా వస్తే లోర్నా వచ్చి బానెట్ మీద రెండు దెబ్బలు వేస్తుంది. రాలేదంటే వంగిందని అర్థం.

ఆ రోజు లోర్నా పరుగెత్తుకుంటూ వచ్చింది. పలకని రాతిబల్ల మీద పెట్టి ఏ మూల నుంచి దోపినా కిందికి కాగితం దూరలేదు.

"ఓయ్ ముసలాయనా, చదునుగా వచ్చింది! మా గది బతికింది!" బానెట్ మీద రెండు కాదు, అయిదారు బాదింది. వర్లిన్ టోపీ కళ్ళమీదికి లాక్కుని అద్దానికి ఆనుకుని ఉన్నాడు. "దొంగనిద్రలు నా దగ్గర కాదు, లే!" అని తలుపు తీసింది. చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ట్రక్కు మెట్టు మీదే కూలబడి బావురుమంది. "ఒక్క క్షణం ఆగితే నీ సొమ్మేం పోయిందయ్యా," అంది. ఎవరో లోపలికి పరిగెత్తి ఫోన్ చేశారు.

తలుపుల పని ఊళ్ళోనే ఉండిపోయింది. వారం తర్వాత అనీటా వచ్చి స్వెటరూ, అట్టముక్కల కట్టా సంచిలో పెట్టుకుంది. వంగిన పలకని చేత్తో నిమిరి, "ఇదేనా? ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ దీని గురించే చెప్పేవాడు," అంది. తీసుకెళ్ళమంది లోర్నా. అనీటా తల అడ్డంగా ఊపి, సంచిలోంచి ఒక పొట్లం తీసి విప్పి దాంట్లో పోసింది.

బల్ల ఇంకెవరికో ఇచ్చారు. పక్కనుంచి ఎవరైనా కాస్త విసురుగా నడిస్తే, నిండా పిప్పరమెంట్లతో ఆ పలక ఇటూ అటూ ఊగి, కాసేపటికి ఆగుతుంది.