గురువుగారి కుర్చీ

పాస్టరు అయ్యగారు పోయి నెల తిరక్కుండానే, జ్ఞాపకార్థ కూడిక అనే పేరుతో చర్చి సంఘం వాళ్ళు ఆయన భార్య పాస్టరమ్మ ప్రాణం తోడెయ్యడం మొదలుపెట్టారు. ఏ ఫొటో పెట్టాలి, ఏ కీర్తన పాడాలి, హాల్లో కుర్చీలు ఎటు తిప్పి వెయ్యాలి, అన్నీ ఆవిడనే అడగాలి. అడిగి, ఆవిడ చెప్పింది తప్ప మిగతావన్నీ చెయ్యాలి. నల్ల అంగీ వేసుకున్న ఫొటో వద్దు బాబూ, అందులో ఆయన ఎవరి మీదో చెయ్యి చేసుకోబోతున్నట్టు ఉంటారు అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. సరిగ్గా దాన్నే నిలువెత్తు చేయించి పటం కట్టించారు.

కూడిక రోజు పొద్దున్నే గుమ్మంలో మైకు మాస్టారు ప్రత్యక్షమయ్యారు. ఆయన రిటైరైన బడిపంతులు, సంఘ కార్యదర్శి. చేతికి మైకు అందిందంటే దాన్ని విడిపించడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆ పేరు అందుకే వచ్చింది.

"అమ్మగారూ, గురువుగారి అడ్రసు దొరికిందాండీ?"

"మళ్ళీ అదేనా మాస్టారూ? లూథరన్ సెమినరీలో ఈయనకి పాఠాలు చెప్పినాయన పోయి ఎన్నేళ్ళయిందో మీకూ తెలుసు. ఇంకో గురువెవరూ నాకు తెలీదు."

"ఆయన కాదండీ. కౌన్సెలింగుకి వెళ్ళిన ప్రతివాళ్ళతోనూ 'మా గురువుగారు ఇలా చెప్పారు, మా గురువుగారు అలా చెప్పారు' అనేవారటండీ అయ్యగారు. మొన్న జబ్బు చేసే ముందు నాతోనే అన్నారు, 'నిన్న మా గురువుగారు చివాట్లు పెట్టారు మాస్టారూ' అని. బతికున్నవాళ్ళే కదండీ చివాట్లు పెట్టేది?"

"పేరు అడక్కపోయారా?"

"అడిగానండీ. పేరు బయటపెడితే గురువుగారు తోలు వలిచేస్తారన్నారు. మహా కోపిష్టి అట. అయినా ఆ కోపంలోనే జ్ఞానమంతా ఉందనేవారు."

"ఎవడో ముక్కోపి ముసలాడు అయ్యుంటాడు. నన్నొదిలెయ్యండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది."

"వేదిక మీద మధ్య కుర్చీ ఆయనకేనండీ. ప్రకటించేశాం కూడా. ఎలాగో కబురంది ఆఖరి నిమిషంలోనైనా రాకపోతారా?" అంటూ మాస్టారు చెప్పులు వేసుకున్నారు. "మీకు మాత్రం కింద ముందు వరసలో మంచి చోటు ఉంచామండీ."

ఆయన అటు వెళ్ళగానే పాస్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కలిసి కాపురం చేసిన మనిషికి కింద ముందు వరస. ఊరూ పేరూ లేని గురువుకి వేదిక మీద మధ్య కుర్చీ!

అసలు కోపం గురువు మీద కాదు, అయ్యగారి మీద. ఆయన చాలాకాలం పాస్టరుగా చేసి, నడివయసులో మళ్ళీ చదువుకుని కౌన్సెలర్ అయ్యారు. చర్చి పక్కన పాత సామాన్ల గది ఖాళీ చేయించి అందులో రెండు కుర్చీలు వేయించుకున్నారు, ఎదురెదురుగా కాదు, కాస్త ఏటవాలుగా. ఎదురెదురుగా కూర్చోబెడితే మనిషికి పోలీస్ స్టేషన్ గుర్తొస్తుందట. వచ్చినవాళ్ళు ఏడ్చినా, అరిచినా, నోరు మెదపకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నా ఆయన ఓపిగ్గా వినేవారు. అక్కడ విన్న మాట ఆ గది గడప దాటి రాలేదు. దానికి పాస్టరమ్మ ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. ఒకళ్ళ గుట్టు ఆవిడకెందుకు?

ఆవిడ బాధల్లా ఒక్కటే. ఊరందరికీ చెవి అయిన మనిషి ఇంటికొచ్చేసరికి గోడ అయిపోయేవారు. ఆవిడ ఏం చెప్పినా "ఊఁ". కుళాయి కారుతోందన్నా "ఊఁ", కాళ్ళు పీకుతున్నాయన్నా "ఊఁ". ఒకసారి ఒళ్ళు మండి "ఏమండీ, మన ఇంటి కప్పు ఎగిరిపోయింది" అంటే, "ఊఁ" అని గ్లాసు అందుకుని మంచినీళ్ళు తాగారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం మొహమైనా చూస్తాడు! పాలు చూస్తూ ఉండండి అని పొయ్యి దగ్గర నిలబెడితే ఆయన నిజంగానే పాలను చూస్తూ ఉండేవారు, అవి పొంగి పొయ్యి ఆర్పేసేదాకా.

ఆఖరికి ఆసుపత్రిలో, ఆయన చెయ్యి పట్టుకుని, "మీరెళ్ళిపోతే నేనెవరితో మాట్లాడనండీ?" అని అడిగింది ఆవిడ. ఆయన కళ్ళు తెరవకుండానే "ఊఁ" అన్నారు. అదే ఆఖరి మాట. అదొక మాటా? ఆ "ఊఁ" ఆవిడ గొంతులో ముల్లులా దిగబడిపోయింది. అప్పట్నుంచి కంట చుక్క నీరు రాలేదు. అమ్మగారు ఎంత నిబ్బరంగా ఉన్నారో అని అందరూ మెచ్చుకుంటున్నారు కూడా.

సాయంత్రం చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ చెల్లెలితో చెప్పేసింది.

"ఆఖర్న నన్ను మాట్లాడమన్నారు కదా. చెప్తాను చూడు. ఈయన లోకమంతా చెప్పింది విన్నారు గాని పెళ్ళాం చెప్పింది ఒక్క ముక్క వినలేదు అని మైకులో చెప్తాను."

చెల్లెలు గుండెలు బాదుకుంది. "అక్కా, నీకు దణ్ణం పెడతాను. పోయినాయన మీద చాడీలా? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ అనుకున్నదే విన్నాను ఇన్నాళ్ళూ. ఒక్కసారి నేననుకున్నది వాళ్ళు వింటారు."

చర్చి హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద నల్ల అంగీలో అయ్యగారు అందర్నీ కొట్టేలా చూస్తున్నారు. పటం పక్కన తెల్లగుడ్డ తొడిగిన కుర్చీ ఖాళీగా ఉంది. దానికి అటూ ఇటూ సంఘ పెద్దలు. మైకు మాస్టారు గుమ్మం వైపు చూస్తూ, గురువుగారు దారిలో ఉండి ఉంటారని రెండుసార్లు ప్రకటించారు. దారిలో ఉన్నాడట దారిలో, ఏ దారిలో ఉన్నాడో పాపం అని పాస్టరమ్మ పళ్ళు నూరుకుంది.

ముందుగా కుట్టుపని చేసే ఆవిడ లేచింది.

"నేను మా ఆయన్ని వదిలేద్దామని బట్టలు సర్దుకుని మరీ అయ్యగారి దగ్గరికి వెళ్ళానండీ. మా ఆయన ఇదిగో ఇక్కడే ఉన్నాడు, కావాలంటే అడగండి. అంతా విని అయ్యగారు, 'పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా అమ్మా?' అన్నారు. లేదన్నాను. 'మా గురువుగారి మాట ఒకటుంది. ముందు తిను, తర్వాత తిట్టు. ఖాళీ కడుపుతో తిడితే అనవసరమైనవన్నీ వస్తాయి' అన్నారండీ. తిన్నాను. ఆ తర్వాత ఈయన్ని తిట్టాను కూడా. కాపురం నిలబడింది."

హాలంతా నవ్వింది. పాస్టరమ్మ మాత్రం కాస్త కదిలి కూర్చుంది. ముందు తినండి, తర్వాత తిట్టుకుందాం అని ఆవిడ కంచం ముందు ఎన్నిసార్లు అందో లెక్కే లేదు. అయినా ఇందులో ఏముంది, బుద్ధున్న వాళ్ళెవరైనా అనే మాటే. ఆ గురువుకీ కాస్త బుద్ధున్నట్టుంది అనుకుంది.

తర్వాత బస్సు డ్రైవరు వచ్చాడు. తాగి తమ్ముణ్ణి కొట్టి, ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయట.

"తప్పు ఒప్పుకుందామనే ఉందండీ నాకు. 'తప్పు నాదేరా, కానీ నువ్వు కూడా...' అని చెప్తానన్నాను అయ్యగారితో. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. 'ఆ కానీ తీసెయ్. కానీ అన్నావంటే అది క్షమాపణ కాదు, రెండో రౌండు. ఈ చివాట్లు మా గురువుగారి దగ్గర నేను స్వయంగా తిన్నాను' అన్నారు. కానీ తీసేసి చెప్పానండీ. మా తమ్ముడు ఏడ్చేశాడు."

చెల్లెలు మోచేత్తో పొడిచింది. "అక్కా! ఇది నా పెళ్ళిలో నువ్వు బావగారిని అన్న మాట కదూ? ప్రార్థన చెయ్యాల్సిన మనిషి అందరూ భోజనాలకి లేచాక వచ్చి 'తప్పే, కానీ దారిలో ఒకాయన కష్టం చెప్పుకుంటుంటే' అన్నారు చూడు, అప్పుడు..."

"నోరుమూసుకో" అంది పాస్టరమ్మ. నోరైతే మూయించింది గాని, ఆ పెళ్ళిపందిరి కళ్ళముందుకొచ్చింది. ఆ రోజు ఆయన ఏమన్నారు? ఏమంటారు, "ఊఁ" అన్నారు.

మూడో మనిషి మందుల షాపాయన. నెమ్మదైన మనిషి. మైకు అందుకున్నాడు.

"మా పాప పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ నాకు బైబిలు వాక్యం చెప్పారండీ. దేవుడు తనకి ఇష్టమైనవాళ్ళని ముందు పిలుచుకుంటాడని చెప్పారు. నాకు కొట్టాలనిపించింది. అయ్యగారు వచ్చి ఏమీ చెప్పలేదు. బల్ల మీద కాస్త జరగమని, నా పక్కన కూర్చున్నారు. చీకటి పడేదాకా కూర్చున్నారు. తర్వాతెప్పుడో అడిగాను, మీరెందుకండీ ఏమీ చెప్పలేదని. అప్పుడు చెప్పారు. 'నేనూ ఒకప్పుడు వాక్యాలు చెప్పినవాణ్ణే. మా గురువుగారు నన్ను ఆపేశారు. వాక్యం నాకూ వచ్చు, చెప్పకండి, కాస్త జరిగి కూర్చోండి చాలు అన్నారు. సెమినరీలో నేర్చుకోనిది ఆ ఒక్క పూటలో నేర్చుకున్నాను' అని."

పాస్టరమ్మకి హాలు వినబడడం మానేసింది.

ఆ మాట ఇంకెవ్వరూ అని ఉండరు. అమ్మ పోయిన రోజు, వంటింటి గట్టుకి ఆనుకుని కింద కూర్చున్న తన దగ్గరికి ఆయన బైబిలు పట్టుకుని వచ్చినప్పుడు తనన్న మాట అది. అక్కడ తామిద్దరే ఉన్నారు. ఆయన "ఊఁ" అని, బైబిలు గట్టు మీద పెట్టి, పక్కన చతికిలబడ్డారు. ఆ సంగతి ఆవిడ ఎలా మరిచిపోయింది? ఆయన విన్నారు. అన్నీ విన్నారు. విసుక్కున్నవీ, కసిరినవీ, గిన్నెలు ఎత్తెత్తి పెడుతూ అన్నవీ కూడా ఏరుకుని, తీసుకెళ్ళి ఊరంతా పంచిపెట్టారు. అయితే ఆసుపత్రిలో అడిగింది కూడా విన్నారన్నమాట. జవాబు లేక "ఊఁ" అన్నారు గాని వినక కాదు.

సంతోషమో ఉక్రోషమో ఆవిడకే తెలియలేదు. దొంగ! ఒక్కనాడు, ఒక్కనాడంటే ఒక్కనాడు చెప్పాడా?

"ఇప్పుడు అమ్మగారు రెండు మాటలు చెప్తారు" అంటున్నారు మైకు మాస్టారు. "గురువుగారు ఇంకా రాలేకపోయినందుకు చింతిస్తూ..."

పాస్టరమ్మ లేచింది. చెల్లెలు కొంగు పట్టుకుని "అక్కా, వద్దే" అంటున్నా విడిపించుకుంది. మెట్లెక్కి, మైకు చాస్తున్న మాస్టారుని దాటుకుని వెళ్ళి, తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలో కూర్చుంది.

మాస్టారు కంగారుగా వంగి రహస్యం చెప్పబోయారు. చేతిలో మైకు ఉన్న సంగతి మరిచిపోవడంతో ఆ రహస్యం హాలంతటికీ వినబడింది.

"అమ్మగారూ, అది గురువుగారి కుర్చీ అండీ!"

"ఊఁ" అంది పాస్టరమ్మ.

మొదట అర్థమైంది కుట్టుపని ఆవిడకి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత మందుల షాపాయన తల వంచుకుని కళ్ళద్దాలు తీశాడు. పాస్టరమ్మ వాళ్ళెవర్నీ చూడలేదు. పటంలో కోపంగా చూస్తున్న అయ్యగారి వైపు తిరిగి, ఆయన కంటే కోపంగా చూసింది.

"ఊరందరికీ చెప్పారు. నాతో ఒక్కసారి చెబితే మీ సొమ్మేం పోయేదండీ?" అంది. అనేసరికి గొంతులో ముల్లు జారిపోయి, ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

మైకు మాస్టారు ఓదార్చబోయి మైకు నోటి దగ్గర పెట్టుకున్నారు. ఏమనుకున్నారో ఏమో, స్విచ్చి ఆపేసి దాన్ని బల్ల మీద పెట్టేశారు. తన కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకుని, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు.